రెండు చెస్ ఇంజిన్ ప్రాజెక్టులు: రెండూ కాపీయేనా?

కూకట్‌పల్లి లెక్చరర్:
మా కాలేజీలో ఈసారి రెండు బ్యాచ్‌లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చెస్ ఇంజిన్, అంటే చెస్ ఆడే ప్రోగ్రాం, తెచ్చాయి. మొదటిది పదిహేను ఎత్తుల్లో నన్ను మట్టి కరిపించింది. కోడ్ తెరిస్తే లోపల ఉన్నది స్టాక్‌ఫిష్, సోర్సుతో సహా ఉచితంగా దొరికే పేరున్న ఇంజిన్. ఇంజిన్ పేరు మార్చేశారు, ఫైళ్ల మొదట్లో ఉండే అసలు రచయితల పేర్లు పీకేశారు. రెండోదాన్ని నేనే ఓడించాను. కోడ్ మటుకు పిల్లలు సొంతంగా రాసిందే. కానీ గుర్రానికి 320, బిషప్‌కి 330, మూలన నిలబడ్డ గుర్రానికి మైనస్ 50... ఏ పావుకి, ఏ గడిలో ఉంటే ఎన్ని పాయింట్లనే ఈ అంకెలన్నీ చెస్ ప్రోగ్రామింగ్ వికీలో మిచ్‌నీవ్‌స్కీ అనే ఆయన ఇచ్చిన పట్టికవే. మా హెచ్‌వోడీ గారు "రెండూ కాపీయే, ఇద్దరికీ ఒకటే మార్కులు వేసెయ్యండి" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

బంటు64:
మేడమ్, ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. యంత్రం చేత చెస్ ఎలా ఆడించాలో క్లాడ్ షానన్ అనే శాస్త్రవేత్త 1950లోనే పేపర్ రాశాడు. ఆల్ఫా-బీటా, జోబ్రిస్ట్ హాషింగ్ లాంటి ప్రోగ్రామింగ్ పద్ధతులు అందరూ వాడుకునేవే, వాడినందుకు ఎవర్నీ దొంగ అనరు. ఆ మాటకొస్తే స్టాక్‌ఫిష్ కూడా 2008లో గ్లౌరంగ్ అనే ఇంజిన్ కోడ్ మీంచి పుట్టిందే. ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పారు, సోర్సు బయటపెట్టారు. దానికున్న జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు అడిగేది అదే కదా.

మీ మొదటి బ్యాచ్ చేసిన తప్పు స్టాక్‌ఫిష్ తీసుకోవడం కాదు, పేర్లు తుడిచెయ్యడం. పెద్దవాళ్లే ఇందులో ఇరుక్కున్నారు. చెస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ చెస్‌బేస్ 2021లో ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే ఇంజిన్ అమ్మింది. వేరే న్యూరల్ నెట్ (స్థితి ఎవరికి బాగుందో అంచనా వేసే భాగం) పెట్టిన స్టాక్‌ఫిష్ అది. స్టాక్‌ఫిష్ వాళ్లు జర్మనీలో కేసు వేశారు. 2022 నవంబర్లో రాజీ అయింది, ఏడాది పాటు స్టాక్‌ఫిష్ ఉన్నవేవీ అమ్మకూడదని చెస్‌బేస్ ఒప్పుకుంది.

ఇరానీచాయ్:
అంత తేలిగ్గా తేల్చెయ్యకు బ్రో. రిబ్కా అనే ఇంజిన్ గొడవ సంగతేంటి? 2011లో కంప్యూటర్ చెస్ పోటీలు నడిపే ఐసీజీఏ వాళ్లు దాన్ని రాసిన వాసిక్ రైలిచ్‌కి 2007 నుంచి 2010 దాకా వచ్చిన ప్రపంచ టైటిళ్లన్నీ లాగేసుకుని, జీవితాంతం నిషేధం వేశారు. ఫ్రూట్ అనే ఇంజిన్ నుంచి, అంతకుముందు క్రాఫ్టీ అనే దాన్నుంచి కోడ్ ఎత్తాడని. కానీ రిబ్కా బోర్డుని బిట్‌బోర్డుల్లో (గడికో బిట్ చొప్పున 64 బిట్ల అంకెల్లో) పెట్టుకుంటుంది, ఫ్రూట్ పద్ధతి వేరు. అక్కడి లైను ఇక్కడ పెడితే నడవదు, తిరగరాయాల్సిందే. ఏ స్థితికి ఎన్ని పాయింట్లనే ఆలోచన మాత్రం అదే. మరి ఆలోచన అందరిదీ అన్నావుగా? తర్వాత రైలిచ్ ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే దాకా వెళ్తే, 2015లో దాని ఎథిక్స్ కమిషన్ ఐసీజీఏకే వార్నింగ్ ఇచ్చింది.

బంటు64:
సగం కథే చెప్పావు. కమిషన్ తప్పుపట్టింది శిక్ష వేసిన తీరుని. కాపీ జరగలేదని ఎక్కడా అనలేదు. టైమ్ లెక్క చూసే చోట ఫ్రూట్‌లో దశాంశ సంఖ్యలు, అందుకని 0.0తో పోలిక. రిబ్కాలో పూర్ణాంకాలే, అయినా ఆ 0.0 అలాగే కూర్చుంది! పక్కవాడి పేపర్ చూసి రాస్తూ వాడి హాల్ టికెట్ నంబర్ కూడా వేసేసుకోవడం లాంటిది ఇది.

పాత అమీర్‌పేట్:
నేను బీటెక్ చదివేటప్పుడు అమీర్‌పేటలో ప్రాజెక్టు డబ్బులిచ్చి కొన్నాను, సీడీ, బైండింగ్ చేసిన రిపోర్టుతో సహా. కాబట్టి నీతులు చెప్పను. పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా. రెండు ప్రోగ్రాముల్లో సరైన జవాబు ఒకటే ఉంటే అది కాపీకి రుజువు కాదు. మొదటి స్థితి నుంచి ఐదు ఎత్తుల లోతుకి పెర్ఫ్ట్ (ఎన్ని రకాలుగా ఆడొచ్చో లెక్కపెట్టే పరీక్ష) నడిపితే ఎవరి ఇంజినైనా 48,65,609 చెప్పాల్సిందే. ఇంకో అంకె వస్తే దాంట్లో బగ్ ఉన్నట్టు. దొరికిపోయేది తప్పుల దగ్గరే, అక్కర్లేకుండా మిగిలిపోయిన చెత్త దగ్గరే. అందుకే 0.0 మాట నాకు నచ్చింది. పట్టికలోని అంకెలంటారా, అవి ఎవరైనా వాడుకోమని వికీలో పెట్టినవే. రిపోర్టులో ఒక్క లైను రాసుంటే పోయేది.

కూకట్‌పల్లి లెక్చరర్:
ఇవాళ వైవా అయింది. రెండో బ్యాచ్‌ని మూలన గుర్రానికి మైనస్ 50 ఎందుకని అడిగాను. "అక్కణ్ణుంచి రెండు గళ్లకే దూకగలదు మేడమ్, మధ్యలో ఉంటే ఎనిమిదింటికి" అన్నాడు ఒకడు, బోర్డు మీద గీసి మరీ. అంకెలు ఎక్కడివో రిపోర్టులో రాయాలని తెలీదట, రాత్రికి కలిపి పంపుతామన్నారు. మొదటి బ్యాచ్‌ని ఆ న్యూరల్ నెట్ ఫైలు దేనికని అడిగితే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. హెచ్‌వోడీ గారు మాత్రం ఇంకా ఒకటే మార్కుల దగ్గరే ఉన్నారు. రేపు మళ్లీ వెళ్లి కూర్చోవాలి.

ఇరానీచాయ్:
మైనస్ ఎందుకో చెప్పాడు, బాగుంది. మైనస్ 50యే ఎందుకు, 40 ఎందుకు కాదు అని అడిగారా మేడమ్?

కూకట్‌పల్లి లెక్చరర్:
అడగలేదు. తిరిగి నన్నే అడుగుతారని.