హిమయుగం అంటే శేషాచలం మీద మంచు కురిసినట్టేనా?

పీలేరు సభ్యుడు: హైస్కూలు సైన్సు ప్రదర్శన బోర్డుకు రాసిన వాక్యాలివి. పదాలు సరిచూసి చెప్పగలరు.

"2.58 లక్షల ఏళ్ల క్రితం మొదలైన చతుర్థ యుగంలో హిమయుగం వచ్చి శేషాచలం కొండలు మంచుతో కప్పబడి ఉండేవి. ఇక్కడ మన ఏనుగుల పూర్వీకులైన మామత్‌లు తిరిగేవి."

తిరుపతి సభ్యురాలు: ముందు అంకె దిద్దండి సార్. ఇంగ్లీషులో 2.58 మిలియన్లు అని ఉంటుంది. మిలియన్ అంటే 10 లక్షలు కాబట్టి అది 25.8 లక్షల ఏళ్లు. పాత పుస్తకాల్లో 18 లక్షలని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు. 2009లో ఆ యుగం మొదలయ్యే హద్దును వెనక్కి జరిపారు.

"చతుర్థ యుగం" వద్దు. 18వ శతాబ్దంలో ఇటలీలో భూగర్భ శాస్త్రవేత్త అర్డువీనో రాళ్లను నాలుగు వరసలుగా విడదీశాడు, ఆ లెక్కలో నాలుగోది అనే అర్థంతో వచ్చిన పేరు క్వాటర్నరీ. మొదటి రెండు పేర్లు ఎప్పుడో వాడుక తప్పాయి, మూడోదైన టెర్షియరీ కూడా ఇప్పుడు అధికారిక పట్టికలో లేదు. నాలుగోది అంటే దేని తర్వాత నాలుగోది? పైగా మన ఊళ్లో నాలుగో యుగం అనగానే కలియుగమే తలపుకొస్తుంది. క్వాటర్నరీ అనే ఉంచండి.

పుత్తూరు సభ్యుడు: మేడమ్ చెప్పింది నిజం. అసలు చిక్కు "యుగం" దగ్గరే ఉంది. భూమి చరిత్రను పెద్ద భాగం నుంచి చిన్న భాగం దాకా విడదీసే ఎరా, పీరియడ్, ఎపోక్, ఏజ్ అన్నిటికీ మనం యుగమే వాడేస్తున్నాం. ఇప్పుడు మనమున్నది సీనోజోయిక్ ఎరా, క్వాటర్నరీ పీరియడ్, హోలోసీన్ ఎపోక్, మేఘాలయన్ ఏజ్. నాలుగింటికీ యుగం తగిలిస్తే పిల్లలకు ఏది దేనిలో భాగమో తెలిసేదానికి దారి లేదు. మహాయుగం, యుగం, ఉపయుగం, దశ అని దిగితే సరిపోతుందని నా అభిప్రాయం.

తిరుపతి సభ్యురాలు: ఏజ్‌కు "దశ" ఇచ్చేస్తే హిమయుగంలోని చలికీ వెచ్చదనానికీ ఏం మిగులుతుంది? ఏజ్‌ను "కాలం" అనండి, దశను చలికి వదిలేయండి. ఎందుకంటే హిమయుగం ఒకసారి వచ్చి పోయింది కాదు. ధ్రువాల దగ్గర పెద్ద మంచు పలకలు ఉన్నంతకాలం హిమయుగమే. అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ మీద మంచు ఉంది కాబట్టి మనం ఇంకా దానిలోనే ఉన్నాం. లోపల చలిదశలు, వెచ్చదశలు మారుతూ వచ్చాయి. భూమి కక్ష్యలో, ఇరుసు వంపులో వచ్చే మార్పులు దీనికి మూలం. మొదట్లో దాదాపు 41,000 ఏళ్లకో చుట్టు, గత పది లక్షల ఏళ్లలో సుమారు లక్ష ఏళ్లకో చుట్టు. ఇప్పటి వెచ్చదశ మొదలై 11,700 ఏళ్లు. అదే హోలోసీన్. క్వాటర్నరీలో దాని ముందున్నదంతా ప్లైస్టోసీన్.

ఇక శేషాచలం మీద మంచు మాట పూర్తిగా తీసేయండి. మన దేశంలో హిమానీనదాలు హిమాలయాలు, కారకోరం వైపే పెరిగాయి. చలిదశలో ఇక్కడ జరిగింది వేరు: సముద్రం చల్లబడి ఆవిరి తగ్గింది, ఆసియా నేల వేసవిలో మునుపంత వేడెక్కలేదు, నైరుతి ఋతుపవనాలు బలహీనపడ్డాయి. చలిదశ అంటే మన వైపు కరువు దశ అని చెప్పాలి. "కప్పబడి" కూడా తెలుగు నడక కాదు, "మంచు కప్పేసింది" అంటాం.

సూళ్లూరుపేట సభ్యుడు: సముద్రం సంగతి కూడా చేర్చండి. సుమారు 20,000 ఏళ్ల క్రితం చాలా నీరు మంచుగా, ఎక్కువగా ఉత్తరాన, పేరుకుపోయి, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందికి దిగింది. తీరం ఇంకా తూర్పున ఉండేది, పులికాట్ సరస్సే లేదు. మంచు కరిగి సముద్రం పైకొచ్చి నిలదొక్కుకున్నాక ఇసుక తిన్నెలు అడ్డుపడి ఏర్పడిన ఉప్పునీటి సరస్సు అది. అంటే మన రాజహంసలు దిగే నీళ్లు హోలోసీన్ నాటివే.

చంద్రగిరి సభ్యురాలు: జంతువుల వాక్యంలో రెండు తప్పులు. మామత్ మన ఏనుగుకు పూర్వీకురాలు కాదు, దగ్గరి దాయాది. బొచ్చు మామత్ దక్షిణ భారతంలో ఎప్పుడూ లేదు. సైబీరియాకు ఉత్తరాన సముద్రంలో ఉన్న రాంగెల్ దీవిలో మాత్రం సుమారు 4,000 ఏళ్ల క్రితం దాకా బతికింది.

మన దగ్గరి ఆధారాలు చెప్పండి. బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు తవ్వకాలు చేస్తే చాలా జంతువుల ఎముకలు దొరికాయి, వాటిలో ఖడ్గమృగం ఉంది. నర్మదా లోయలో నీటిగుర్రం, భారీ దంతాల ఏనుగు ఉండేవి. మహారాష్ట్రలోని పాట్నేలో నిప్పుకోడి గుడ్ల పెంకులు దొరికాయి. రేణిగుంట దగ్గరి సన్నటి రాతి పనిముట్లు ప్లైస్టోసీన్ చివరి మనుషులవి. అమెరికాలతో, ఆస్ట్రేలియాతో పోలిస్తే ఇక్కడ అంతరించిన పెద్ద జంతువులు తక్కువే. ఏనుగు, పులి, అడవిదున్న మిగిలాయి.

ఇంకొకటి, ఆ బోర్డు మీద తిరుమల శిలాతోరణం బొమ్మ వేయొద్దు. ఆ రాయి వంద కోట్ల ఏళ్లు పైబడినది.

పీలేరు సభ్యుడు: అందరికీ నమస్కారం. ఇలా మార్చాను:

"క్వాటర్నరీ 25.8 లక్షల ఏళ్ల క్రితం మొదలైంది. చలిదశలు, వెచ్చదశలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. చలిదశల్లో మన ప్రాంతంలో మంచు పేరుకోలేదు, వానలు తగ్గాయి, సముద్రం వెనక్కి పోయింది. రాయలసీమలో ఖడ్గమృగాలు తిరిగేవి."

పుత్తూరు సభ్యుడు: "మన ప్రాంతంలో" తీసి "దక్షిణ భారతంలో" అనండి సార్. "రాయలసీమలో" బదులు "కర్నూలు వైపు" అని రాయండి, ఎముకలు దొరికింది అక్కడే.