రోజర్ కేస్‌మెంట్ ద్రోహా, కాదా?

గోదారిగట్టు: వారం రోజులుగా ఈయన గురించే చదువుతున్నాను. డబ్లిన్ దగ్గర పుట్టి బ్రిటిష్ కాన్సుల్, అంటే విదేశాల్లో బ్రిటన్ ప్రతినిధి, అయ్యాడు. 1903లో కాంగో లోపలికి వెళ్లి, బెల్జియం రాజు లియోపోల్డ్ రబ్బరు కోసం జనాన్ని ఎలా హింసిస్తున్నాడో రిపోర్టు రాశాడు. 1910లో అమెజాన్‌లోని పుటుమాయోకి వెళ్లి అక్కడి రబ్బరు కంపెనీ ఘోరాలు బయటపెట్టాడు. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1914లో యుద్ధం మొదలయ్యాక జర్మనీ వెళ్లి ఐర్లండ్ స్వాతంత్ర్యానికి సాయం అడిగాడు. 1916 ఆగస్టు 3న రాజద్రోహం నేరం మీద లండన్‌లో ఉరి తీశారు. ఇతన్ని ద్రోహి అనొచ్చా?

మిలటరీమనవడు: అనొచ్చు. బిరుదు ఇచ్చినందుకు బ్రిటిష్ విదేశాంగ మంత్రి గ్రేకి ఎంతో వినయంగా కృతజ్ఞతల ఉత్తరం రాశాడు. కోర్టులో దాన్ని చదివి వినిపించారు కూడా. మూడేళ్లు తిరిగేసరికి శత్రువు పంచన చేరాడు. ఉప్పు తిన్న ఇంటికి చేసే పనా ఇది?

కడపరమణ: ఉప్పు మాట ఎత్తకండి, నాకు ఒళ్లు మండుతుంది. నేను ఒక ఆఫీసులో స్టాక్ రిజిస్టర్ చూసేవాణ్ణి. రాని సిమెంటు బస్తాలు వచ్చినట్టు రాయమంటే రాయలేదు. ఏడాదిలో మూడు బదిలీలు. "ఇక్కడి ఉప్పు తింటూ ఇక్కడే వేలెత్తి చూపిస్తావా" అన్నారు. కేస్‌మెంట్ కాంగో రిపోర్టులో ఎపోండో అనే కుర్రాడి సంగతి ఉంది. కాపలావాడు చెయ్యి నరికాడని వాడు చెప్తే, తర్వాత అధికారులు అదే కుర్రాడితో అడవిపంది కొరికిందని చెప్పించారు. 1904లో రిపోర్టు అచ్చేసినప్పుడు లండన్‌లోని విదేశాంగ ఆఫీసు మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ కొట్టేసి అక్షరాలు పెట్టింది. చెయ్యి పోయినవాడికి పేరు కూడా లేకుండా చేశారు. ఆ ఉద్యోగంలో ఉన్నవాడికి విశ్వాసం ఎక్కడ మిగులుతుందండీ?

మిలటరీమనవడు: ఉత్తరం గురించి జవాబు రాలేదు. అంత కోపముంటే 1911లో బిరుదు ఎందుకు తీసుకున్నాడు?

కడపరమణ: అయినా ద్రోహం ఎవరికి? ఆయన దేశం ఐర్లండ్.

పాతపుస్తకాలు: ఫ్రెంచిలో రాసిన 1351 నాటి ఇంగ్లండ్ రాజద్రోహ చట్టంలో విరామం ఎక్కడ పెట్టి చదవాలా అని వాదించుకుని మరీ ఉరేశారు.

రేవతి_విశాఖ: కేస్‌మెంట్ డైరీల సంగతి ఎవరూ ఎత్తరేం? క్షమాభిక్ష అడుగుతున్న పెద్దలకి ప్రభుత్వం వాళ్లు వాటిలోని ఆయన స్వలింగ సంబంధాల పేజీలు చూపించి నోళ్లు మూయించారు. అది నీచం.

మిలటరీమనవడు: డైరీలు నాకు అక్కర్లేదు. రమణగారూ, మీరు దాటేస్తున్న విషయం లింబర్గ్. జర్మనీలో ఆ ఊళ్లో, బ్రిటిష్ సైన్యంలో ఉండి పట్టుబడ్డ ఐరిష్ యుద్ధఖైదీల్ని పెట్టారు. ఈయన అక్కడికి వెళ్లి, బ్రిటన్ మీద పోరాడే మన ఐరిష్ దళంలో చేరండని అడిగాడు. వేలమందిలో యాభై చిల్లర మంది చేరారు. చేరనివాళ్లకి తిండి తగ్గించారని ఆ ఖైదీలే కోర్టులో చెప్పారు.

కడపరమణ: తిండి తగ్గించింది తను కాదని ఆయన కోర్టులో గట్టిగా ఖండించాడు. ఎంతసేపూ మీకు బ్రిటిష్‌వాడి మాటే వేదం. బానిస బుద్ధి.

మిలటరీమనవడు: మాట జాగ్రత్త! మా తాత 1942లో సింగపూర్‌లో బ్రిటిష్ సైన్యంలో ఉండగా జపాన్‌వాళ్లకి పట్టుబడ్డాడు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమంటే, ముందు చేసిన ప్రమాణం ఉందని చేరలేదు. న్యూగినీకి పంపారు. తిరిగొచ్చినప్పుడు మా నాయనమ్మ గుర్తుపట్టలేదంట, అంత చిక్కిపోయాడు. ఊళ్లో చచ్చేదాకా 'తెల్లోడి సిపాయి' అనే పిలిచారు. మీరన్న మాటే, మర్యాద కూడా లేకుండా. కేస్‌మెంట్ కాంగో వెళ్లినందుకు ఆయనకి దణ్ణం పెడతాను. కానీ కంచె లోపల ఆకలితో ఉన్నవాడి ముందు నిలబడి దేశం కోసం రమ్మంటే, వద్దన్నవాడు ఎక్కడికి పోతాడు? ఈయన సాయంత్రానికి తన గదికి పోతాడు, ఖైదీ అక్కడే ఉంటాడు.

కడపరమణ: తాతగారి సంగతి నాకు తెలీదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. కానీ నా పట్టు వదలను. జీతమిచ్చినవాడు మనసు కూడా కొనుక్కున్నట్టు కాదు.

మిలటరీమనవడు: మనసు కొన్నారని నేనూ అనలేదు. ఖైదీని అడగకూడదు, అంతే.

రేవతి_విశాఖ: మీ తాతగారివి ఏమైనా కాగితాలు ఉన్నాయా?

మిలటరీమనవడు: కాగితాల్లేవు. పతకం ఒకటుంది, నాయనమ్మ ట్రంకుపెట్టెలో అడుగున చీర మడతలో పెట్టింది. ఆయన ఉండగా బయటికి తియ్యనిచ్చేవాడు కాదు.