పది ఆజ్ఞల తర్వాత వెంటనే ఎద్దులు, గోతులు, తాకట్లు ఎందుకు?

చరిత్రప్రియ:
బైబిల్లో నిర్గమకాండం 19వ అధ్యాయం నుంచి 24 దాకా వరసగా చదువుతున్నాను. సీనాయి కొండ మీద ఉరుములు, పొగ, తర్వాత పది ఆజ్ఞలు, అంతవరకూ అర్థమైంది. 21కి వచ్చేసరికి దాసులు, కుమ్మే ఎద్దు, మూత పెట్టని గొయ్యి, తాకట్టు పెట్టిన బట్ట అంటూ ఊరి తగాదాల్లోకి దిగిపోతుంది. మళ్లీ 24లో బలులు, రక్తం చిలకరించడం, నిబంధన, అంటే దేవుడికీ జనానికీ మధ్య ఒప్పందం. ఇవన్నీ ఒకేచోట ఎందుకున్నాయి? పైగా ఇదంతా పాతకాలపు బాబిలోను రాజు హమ్మురాబి చట్టానికి కాపీ అని ఒకాయన గట్టిగా వాదిస్తున్నాడు, నిజమేనా?

మట్టిపలక:
ముందు వరస చూడండి. ఇశ్రాయేలు జనం ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటపడ్డాకే ఆజ్ఞలొచ్చాయి, 20వ అధ్యాయం మొదలయ్యేదే నిన్ను దాస్యం నుంచి విడిపించింది నేను అన్న దేవుడి మాటతో. అప్పట్లో పెద్ద రాజు చిన్న రాజుతో ఒప్పందం చేసుకున్నా అంతే, ముందు తాను చేసిన మేలు చెప్పి ఆ తర్వాత షరతులు పెట్టేవాడు. ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని అప్పట్లో ఏలిన హిత్తీయుల ఒప్పందాలతో ఈ పోలికను బైబిలు పండితుడు జార్జ్ మెండెన్‌హాల్ 1954లో చూపించాడు. 21-23 అధ్యాయాలు ఆ షరతులే. మోషే వాటిని చదివి వినిపించాడు, జనం సరేనన్నారు, అప్పుడే వాళ్ల మీద రక్తం చిలకరించాడు.

గోదారిగట్టు:
హమ్మురాబి సంగతి నేను చెబుతాను. పోలికలు చాలానే ఉన్నాయి, కుమ్మే ఎద్దు రెండుచోట్లా ఉంది, అలాంటి కేసులు ఆ ప్రాంతమంతా మామూలే. తేడా ఎక్కడో చూడండి. హమ్మురాబి చట్టంలో పెద్దింటివాడి కన్ను పోగొడితే కన్నుకు కన్ను, సామాన్యుడిదైతే వెండి కట్టాలి, దాసుడిదైతే వాడి ధరలో సగం. నిర్గమకాండం 21:26లో యజమానే తన దాసుడి కన్ను పోగొడితే ఆ దాసుణ్ణి వదిలెయ్యాలి, పన్ను ఊడగొట్టినా అంతే. ఇక తాకట్టు బట్ట, పొద్దు గూకేలోగా తిరిగిచ్చెయ్యాలి, ఎందుకంటే వాడు రాత్రి కప్పుకునేది అదొక్కటే. ఇది కాగితం మీది మాట మాత్రమే అనుకోకండి. 1960లో ఇశ్రాయేలు తీరంలో యబ్నె దగ్గర ఒక కుండపెంకు దొరికింది, క్రీ.పూ. 7వ శతాబ్దం నాటిది. కోతకూలీ ఒకడు పని పూర్తిచేశాకే పెత్తందారు తన బట్ట లాక్కున్నాడని, కావాలంటే తోటి కూలీలు సాక్ష్యం చెబుతారని అధికారికి మొరపెట్టుకున్నాడు. నాకైతే ఆ పెంకు గురించి చదివాకే ఈ చట్టాలు కళ్లకు కట్టాయి.

సందేహి:
బాగుంది గానీ 21:20-21 కూడా చదవండి. యజమాని కొట్టిన దాసుడు ఒకటి రెండు రోజులు బతికితే శిక్ష లేదు, వాడు యజమాని సొమ్మేనట. దీన్ని పక్కనపెట్టి మంచివే చెబితే ఎలా?

గోదారిగట్టు:
ఒప్పుకుంటాను, ఆ వాక్యాన్ని నేనూ సమర్థించలేను. కానీ ఆ చట్టం అక్కడే ఆగిపోలేదు. నిర్గమకాండం 21లో దాసుడు ఏడో ఏట వెళ్లిపోవచ్చు, తండ్రి దాసిగా అమ్మిన కూతురికి మాత్రం అలా వెళ్లే వీల్లేదు. బైబిల్లోనే మరో పుస్తకం ద్వితీయోపదేశకాండం 15కి వస్తే హెబ్రీ (ఇశ్రాయేలు) మగవాళ్లూ ఆడవాళ్లూ ఇద్దరూ ఏడో ఏట విడుదలవుతారు, వట్టి చేతులతో పంపకూడదు, మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపాలి. కారణం కూడా అక్కడే ఉంది, నువ్వూ ఐగుప్తులో దాసుడివేనని గుర్తుంచుకో అంటుంది. మట్టిపలకగారు చెప్పిన ఆ మొదటి మాటనే పట్టుకుని చట్టాన్ని మార్చారు. చరిత్రప్రియగారూ, ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.