నాన్న పేరు మీదున్న డబుల్ బ్యారల్ తుపాకీ: ఇంట్లో ఉంచుకోవచ్చా, నా పేరుకు ఎలా మార్చుకోవాలి?

వేరుశనగ_రైతు:
నమస్తే. మా నాన్నగారు పోయిన నెల కాలం చేశారు. ఆయన పేరిట 12 బోర్ డబుల్ బ్యారల్ తుపాకీ ఒకటి, లైసెన్సు బుక్కు, ఒక పెట్టెలో కొన్ని పాత తూటాలు ఇంట్లో ఉన్నాయి. లైసెన్సు కలెక్టరేట్‌లో ఇచ్చింది, గడువు వచ్చే ఏడాది దాకా ఉంది. మాది అచ్చంపేట వైపు, అడవి అంచున ఊరు. వేరుశనగ మీద అడవిపందులు పడుతున్నాయి కాబట్టి తుపాకీ నా పేరు మీదికి మార్చుకుందామని ఉంది. అక్క నల్లగొండలో, తమ్ముడు న్యూజెర్సీలో ఉంటారు.

గడువు ఇంకా ఉంది కదా, అప్పటిదాకా ఇంట్లోనే ఉంచొచ్చా? పేరు మార్పిడికి ఏమేం కాగితాలు కావాలి? నా పేరు మీదికి వచ్చాక పని మీద హైదరాబాద్ వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చా?

కలెక్టరేట్_సెక్షన్:
బుక్కులో గడువు చూసి ధైర్యంగా ఉండకండి. లైసెన్సు మనిషికి ఇచ్చేది, తుపాకీకి కాదు. నాన్నగారితోనే అది అయిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరికీ దాన్ని ఉంచుకునే హక్కు లేదు. ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 21 ప్రకారం, జాప్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే సెక్షన్ 25 కింద కేసు. 2019 సవరణ తర్వాత అందులో శిక్ష 2 నుంచి 5 ఏళ్లు, జరిమానా అదనం. డిపాజిట్ చేయకపోవడం కూడా అదే సెక్షన్ కింద నేరం. ‘కర్మకాండలు అయ్యాక చూద్దాం’ అని నెలల తరబడి అటక మీద వదిలేసేవాళ్లు చాలామంది. తర్వాత పేరు మార్పిడికి వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ మధ్య కాలం తుపాకీ ఎవరి దగ్గరుందనే.

మీరే బండి మీద వేసుకుని స్టేషన్‌కు బయలుదేరకండి. దారిలో తనిఖీ పడితే మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధమే. ముందు ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి) ఫోన్ చేసి, కానిస్టేబుల్‌ను పంపమని అడగండి. అర్జీ రెండు ప్రతులు రాసి పెట్టుకోండి. నాన్నగారి పేరు, పోయిన తేదీ, లైసెన్సు నంబరు, తుపాకీ తయారీ, బోరు, దాని మీది నంబరు, తూటాలు ఎన్ని ఉన్నాయో అందులో ఉండాలి. రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. రసీదులో తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రెండూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ‘ఒక తుపాకీ అందినది’ అని ఒక్క ముక్క రాసిచ్చే రసీదు మీకు ఎందుకూ పనికిరాదు.

స్టేషనా, డీలరా అంటే నా ఓటు డీలరుకే. నెలకు అద్దె తీసుకుంటారు గానీ నూనె పెట్టి, పొడిగా ఉంచుతారు. స్టేషన్ మాల్‌ఖానాలో (వస్తువులు భద్రపరిచే గదిలో) రెండు వానాకాలాలు గడిస్తే బ్యారల్ లోపల తుప్పు పట్టడం ఖాయం. డీలరు దగ్గర పెట్టినా ఆ రసీదు నకలు స్టేషన్‌కూ కలెక్టరేట్‌కూ ఇవ్వండి.

అఫిడవిట్_గారు:
కాగితాల సంగతి నేను చెప్తాను.

ఆయుధాల నియమాలు 2016లో 25వ నియమం వారసులకు సంబంధించింది. లైసెన్సుదారు చనిపోతే వారసుడికి ఇవ్వొచ్చు. బతికుండగా కూడా ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, ఏది ముందైతే అది, తాను కోరిన వారసుడికి ఇప్పించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల పేరిట తుపాకీ ఉన్నవాళ్లు ఈ రెండో దారి ఇప్పుడే వాడుకుంటే మంచిది. ఆయనే సంతకం పెడతారు కాబట్టి వారసత్వం పంచాయితీ ఉండదు.

మీ విషయంలో ‘పేరు మార్పిడి’ అని అందరూ అంటారు కానీ జరిగేది మీకు కొత్త లైసెన్సు ఇవ్వడమే. ఫారం ఏ-1లో దరఖాస్తు, ఆయుధ లైసెన్సుల జాతీయ ఆన్‌లైన్ పోర్టల్ ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్‌లో పెట్టాలి. జతగా మరణ ధ్రువపత్రం, మీ సేవలో దరఖాస్తు చేసి తహసీల్దార్ నుంచి తెచ్చుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్నగారి అసలు లైసెన్సు బుక్కు, డిపాజిట్ రసీదు, మీ ఆధార్, పుట్టిన తేదీ, చిరునామా రుజువులు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు, తుపాకీని భద్రంగా దాస్తానన్న హామీపత్రం. వైద్య ధ్రువపత్రంలో శారీరక, మానసిక ఆరోగ్యంతో పాటు మత్తు పదార్థాలకు అలవాటు లేదన్న మాట విడిగా ఉండాలి. మామూలు ‘ఫిట్’ సర్టిఫికెట్ తెస్తే వెనక్కి పంపుతారు. ఆయుధ భద్రత శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్ ఫారం ఎస్-1లో కావాలి. వయసు 21 నిండి ఉండాలి.

ఎక్కువ ఫైళ్లు ఆగేది మిగతా వారసుల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) దగ్గరే. అమ్మగారు ఉంటే ఆమెది, అక్కది, తమ్ముడిది, ముగ్గురివీ కావాలి. వాట్సాప్‌లో పంపిన సంతకం చెల్లదు. తమ్ముడు అఫిడవిట్‌ను న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించి అసలు ప్రతి కొరియర్‌లో పంపాలి. అందులో ‘మా తండ్రిగారి ఆస్తిలో నాకు అభ్యంతరం లేదు’ అని రాయించకండి. తుపాకీ నంబరు, లైసెన్సు నంబరు, మీ పేరు స్పష్టంగా ఉండి, ఆ ఆయుధం మీ పేరిట ఇవ్వడానికే సమ్మతి అని ఉండాలి.

పోలీసు నివేదికకు నియమాల్లో ఉన్న గడువు 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు. ఆచరణలో ఇంకా పడుతుంది. తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వకంగా ఉత్తర్వు అడగండి, ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది. నోటిమాటతో ‘అవదు’ అంటే అప్పీలు వేయడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంకొకటి. మీకు ఇప్పటికే సొంత లైసెన్సు, తుపాకీలు ఉంటే లెక్క చూసుకోండి. 2019 సవరణతో మనిషికి మూడు నుంచి రెండుకు తగ్గించారు. వారసత్వంగా వచ్చేది కూడా ఆ రెండులోనే.

గన్‌స్మిత్_బెంచీ:
పై ఇద్దరూ చెప్పని చోట ఒక ఫైలు చిక్కుకుంటుంది: నంబరు.

పాత డబుల్ బ్యారల్‌లో నంబరు ఒక్క చోట ఉండదు. ట్రిగ్గర్ గార్డ్ మీద, యాక్షన్ (బ్యారళ్లు బిగిసే ఇనుప భాగం) కింద, బ్యారళ్ల అడుగున చదునుగా ఉన్న చోట, కొన్నిటికి ముందు చెక్కను పట్టే ఇనుప ముక్క మీద కూడా ఉంటుంది. ట్రిగ్గర్ గార్డ్ మీది నంబరు చెయ్యి రాపిడికి అరిగి 3 కాస్తా 8లా, 1 కాస్తా 7లా కనిపిస్తుంది. బుక్కులో గుమాస్తా దాన్ని చూసి రాసి ఉంటే తరాలుగా తప్పు నంబరే నడుస్తూ ఉంటుంది. బ్యారల్ విప్పితే అడుగున అరగని నంబరు దొరుకుతుంది. అయితే విప్పడం మీరు చేయకండి. డిపాజిట్ చేసేటప్పుడు డీలరు చేతో, స్టేషన్‌లో ఆయుధాలు తెలిసిన వాళ్ల చేతో విప్పించి, బుక్కుతో పోల్చి, రెండూ రసీదులో రాయించండి. తేడా ఉంటే అప్పుడే అర్జీలో చెప్పాలి. తర్వాత తనిఖీలో బయటపడితే, ఇది ఆ తుపాకీయేనా, మార్చేశారా అన్న అనుమానం మీ మీదికి వస్తుంది.

బుక్కులో యూఐఎన్ ఉందా? జాతీయ డేటాబేస్‌లో ప్రతి లైసెన్సుదారుకూ ఇచ్చే గుర్తింపు సంఖ్య అది. పాత చేతిరాత బుక్కుల్లో ఉండకపోవచ్చు. అది లేని లైసెన్సు చెల్లదు, 2020 జూన్ 29 ఆఖరి గడువుగా ఇచ్చారు. నాన్నగారు అప్పట్లో వేయించుకోకపోతే ఆ విషయం కలెక్టరేట్‌లో ముందే చెప్పండి, దాచిపెట్టకండి.

ఆ పాత తూటాల జోలికి అసలు వెళ్లకండి. కాగితపు తొడుగువైతే మన వానాకాలం తేమకు ఉబ్బి, ఛాంబర్‌లో (బ్యారల్‌లో తూటా కూర్చునే చోట) ఇరుక్కుంటాయి. లైసెన్సు వచ్చాక కూడా ముందు ఛాంబర్ పొడవు కొలిపించండి. పాత విలాయతీ తుపాకీలకు చాలావాటికి రెండున్నర అంగుళాలే, అంటే దాదాపు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో దూరుతుంది, తొడుగు ముందు మడత విచ్చుకోవడానికి మాత్రం చోటు ఉండదు. ఒత్తిడి ఎక్కువై పాత బ్యారల్ తట్టుకోదు.

వేరుశనగ_రైతు:
చాలా థాంక్స్ అండీ. రేపే ఎస్‌హెచ్‌ఓ గారికి ఫోన్ చేస్తాను. దరఖాస్తులో కారణం అని ఉన్నచోట పంట రక్షణ అని రాస్తే చాలా? హైదరాబాద్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కలెక్టరేట్_సెక్షన్:
పంట రక్షణ అని రాయొచ్చు. ఆయుధాల చట్టం సెక్షన్ 13 ప్రకారం పంట రక్షణకు మొదట గుర్తొచ్చేది ముందు నుంచి మందు దట్టించే నాటు రకం తుపాకీ. అది సరిపోదని చూపిస్తే వేరే స్మూత్ బోర్ (బ్యారల్ లోపల గాడులు లేకుండా నున్నగా ఉండే) తుపాకీ ఇచ్చే వీలుంది. ఆత్మరక్షణకు, క్రీడకు అయితే బ్యారల్ 20 అంగుళాలకు తగ్గని స్మూత్ బోర్ ఆ సెక్షన్‌లోనే ఉంది, మీ డబుల్ బ్యారల్ దానికి సరిపోతుంది. పట్టాదారు పాసుపుస్తకం నకలు, పంట నష్టం మీద ఇంతకుముందు అటవీ శాఖకో వ్యవసాయ శాఖకో ఇచ్చిన అర్జీలు ఉంటే జతచేయండి.

మీది అచ్చంపేట వైపు కాబట్టి ఇంకో మెట్టుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలి. మీ ఊరు ఆ పరిధిలో ఉందో లేదో జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) ఆఫీసులో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫైలు సగం దూరం వెళ్లాక ఇది గుర్తొస్తే మళ్లీ మొదటికే.

లైసెన్సు వచ్చింది కదా అని పందిని కాల్చకూడదు. తుపాకీ ఉంచుకునే అనుమతి వేరు, అడవి జంతువును చంపే అనుమతి వేరు. రెండోది వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద అటవీ అధికారి రాసి ఇవ్వాలి. అది లేకుండా కాలిస్తే తుపాకీ, లైసెన్సు పోవడమే కాక అటవీ కేసు కూడా.

హైదరాబాద్ విషయం: లైసెన్సులో ‘చెల్లుబాటు ప్రాంతం’ అని ఒక గడి ఉంటుంది. జిల్లా అని ఉంటే జిల్లా దాటకూడదు. రాష్ట్రమంతా కావాలంటే కారణం చూపించి దరఖాస్తులోనే అడగండి. పంట కోసం తీసుకున్న తుపాకీకి నగరంలో పనేంటని అడుగుతారు, నా మాట వింటే అడగకపోవడమే మంచిది. చెల్లుబాటు ఉన్నచోట కూడా 2016 నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పొడవాటి తుపాకీని కవరులో ఉంచే తీసుకెళ్లాలి. తీసి చూపించడం, బెదిరించడం, గాల్లోకి కాల్చడం అన్నీ నిషేధం. పెళ్లి బరాత్‌లోనో ఊరేగింపులోనో కాల్చితే 2019 సవరణ ప్రకారం 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అఫిడవిట్_గారు:
ఎన్నికల మాట కూడా చేర్చుతున్నా. కోడ్ రాగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. జిల్లా స్క్రీనింగ్ కమిటీ నిర్ణయాన్ని బట్టి డిపాజిట్ చేయమంటారు, ఫలితాలు వచ్చి వారం గడిచాక వెంటనే తిరిగి ఇవ్వాలి. ప్రతిసారీ రసీదు తీసుకుని బుక్కులోనే పెట్టుకోండి. మీకు వచ్చే లైసెన్సు గడువు 5 ఏళ్లు. రెన్యువల్‌కు రెండు నెలల ముందే దరఖాస్తు చేయండి, ఆ రోజుకు తుపాకీ డిపాజిట్‌లో ఉంటే రసీదు నకలు జతచేస్తే సరిపోతుంది.

ఒకవేళ అటవీ సమ్మతి రాకపోతే ఏళ్ల తరబడి అద్దె కట్టుకుంటూ కూర్చోకండి. డిపాజిట్‌లో ఉన్న తుపాకీని లైసెన్సున్న మనిషికో డీలరుకో అమ్మి, ఆ డబ్బు తీసుకునే హక్కు వారసులకు సెక్షన్ 21లోనే ఉంది. నిర్ణీత కాలంలో ఏదీ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో అది ప్రభుత్వ పరమవుతుంది. అందుకే ఎన్‌ఓసీల్లో ‘లైసెన్సు రాని పక్షంలో అమ్మకానికి కూడా సమ్మతి’ అని ఒక వాక్యం ఇప్పుడే చేర్పించండి. తమ్ముడు కాన్సులేట్‌కు రెండోసారి వెళ్లే పని తప్పుతుంది.