మ్యూచువల్ ఫండ్‌కు లిమిట్ ఆర్డర్ ఎందుకు పెట్టనివ్వడం లేదు?

అనంతపురం, ప్రస్తుతం కాలిఫోర్నియా:

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. జీతంలో మిగిలినది ఇండెక్స్ మ్యూచువల్ ఫండ్‌లో పెడదామని బ్రోకర్ ఖాతా తెరిచాను. నిన్న మార్కెట్ పడుతుండగా, నేను అనుకున్న ధరకు దిగితేనే కొనేలా లిమిట్ ఆర్డర్ పెట్టబోతే ఆ అవకాశమే కనిపించలేదు; ఎన్ని డాలర్లకు కొనాలని మాత్రమే అడిగింది. అదే సూచీని అనుసరించే ఈటీఎఫ్‌కు, అంటే షేరులా ఎక్స్‌ఛేంజ్‌లో పగలంతా కొని అమ్ముకునే ఫండ్‌కు, మార్కెట్, లిమిట్, స్టాప్ ఆర్డర్లన్నీ చూపిస్తోంది. నా ఖాతాకు ఏదైనా అనుమతి తక్కువైందా?

ప్రొద్దుటూరు, ప్రస్తుతం న్యూజెర్సీ:

తమ్ముడూ, నీ ఖాతాలో లోపమేమీ లేదు. మ్యూచువల్ ఫండ్‌కు పగటిపూట ధరే ఉండదు. న్యూయార్క్ కాలమానం ప్రకారం సాయంత్రం నాలుగు గంటలకు మార్కెట్ మూసిన తరువాత, ఫండ్‌లోని షేర్ల విలువ లెక్కగట్టి, బాకీలు తీసివేసి, యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే ఒక్కో యూనిట్ ధరే ఎన్ఏవీ. ఉదయం పదికి పెట్టినా, మూడున్నరకు పెట్టినా, గడువులోగా అందిన ఆర్డర్లన్నిటికీ ఆ ఒక్క ధరే. నీకు కాలిఫోర్నియాలో ఆ గడువు మధ్యాహ్నం ఒంటిగంట. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దించిన రైతుకు కూడా ధర టెండరు తేలాకే తెలుస్తుంది, కానీ నచ్చకపోతే అతడు అమ్మకుండా ఉండవచ్చు. ఇక్కడ గడువు దాటాక ఆర్డరును వెనక్కి తీసుకోలేవు.

ఇది బ్రోకర్ సొంతంగా పెట్టుకున్న షరతు కాదు. 1940 నాటి ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ చట్టం కింద ఉన్న 22సి-1 నిబంధన, ఆర్డర్ అందిన తరువాత లెక్కగట్టే ధరకే క్రయవిక్రయాలు జరగాలని చెబుతుంది. నాలుగు దాటాక కూడా ఆ రోజు ధరకే కొనుక్కున్న ఒక హెడ్జ్ ఫండ్ వ్యవహారాన్ని 2003లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ బయటపెట్టారు; అలాంటి లాభం మిగిలిన మదుపరుల సొమ్ములోంచే పోతుంది. మన దేశంలోనూ పద్ధతి ఇదే. ఈక్విటీ ఫండ్లకు గడువు మధ్యాహ్నం మూడు గంటలు.

కడప, ప్రస్తుతం టెక్సాస్:

అన్న చెప్పింది సరైనదే. అయితే తమ్ముడు అసలు అడగవలసింది ఈటీఎఫ్ దగ్గర కనిపిస్తున్న ఆ స్టాప్ ఆర్డర్ గురించి. నేను 2015 ఆగస్టు 24న దాని వల్లే దెబ్బతిన్నాను. నా దగ్గర ఒక ఈటీఎఫ్ యూనిట్లు మూడు వందలు ఉండేవి. అంతకు ముందు శుక్రవారం ముగింపు ధర 62 డాలర్లు. ధర 56కు పడితే అమ్మేయమని స్టాప్ పెట్టుకొని, ఎంత పడినా అంతకంటే తక్కువకు పోదని ధీమాగా ఉన్నాను. సోమవారం ఇక్కడ ఎనిమిదిన్నరకు మార్కెట్ తెరుచుకోగానే కొనేవాళ్లు లేక ధర ఒక్కసారిగా జారింది. 56 తాకిన క్షణంలో నా స్టాప్ మామూలు మార్కెట్ ఆర్డరుగా మారి, ఆ సమయానికి దొరికిన 44 డాలర్లకు అమ్ముడుపోయింది. గంట తిరగకముందే అదే యూనిట్ 59కి వచ్చింది. బ్రోకర్ కార్యాలయానికి ఫోన్ చేసి రెండు గంటలు వాదించినా, ఆర్డర్ దాని షరతుల ప్రకారమే అమలైందన్న సమాధానమే వచ్చింది. 2010 మే 6 నాటి పతనంలో అరవై శాతానికి మించి తేడా వచ్చిన లావాదేవీలను రద్దు చేశారని గుర్తు చేశాను, నా తేడా అంత లేదన్నారు. నేను దెబ్బతిన్న ఆ 2015 సోమవారం దాదాపు 1,300 సార్లు ట్రేడింగ్ నిలిపివేశారు, అందులో అధిక భాగం ఈటీఎఫ్‌లవే. ఆ తరువాత 2016 ఫిబ్రవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ స్టాప్ ఆర్డర్లు తీసుకోవడమే మానేసింది. ఇప్పుడు మనకు కనిపించేది బ్రోకర్లు తమ వైపు నుండి నడిపే సదుపాయం.

కర్నూలు, ప్రస్తుతం అట్లాంటా:

కడప అన్నతో ఏకీభవించలేకపోతున్నాను. లోపం స్టాప్‌లో లేదు, దానికి లిమిట్ జోడించకపోవడంలో ఉంది. 56కు స్టాప్, 54కు లిమిట్ పెట్టి ఉంటే 44కు అమ్ముడుపోయేదే కాదు.

కడప, ప్రస్తుతం టెక్సాస్:

అమ్ముడుపోయేది కాదు, నిజమే. కానీ 2020 మార్చి 9న, మళ్లీ 12న, మార్కెట్ తెరిచిన కాసేపటికే ఏడు శాతం పడి నిలిచిపోయింది. అలాంటి రోజున ధర నీ లిమిట్‌ను దాటి కిందనే తెరుచుకుంటే ఆర్డర్ అమలు కాదు, యూనిట్లు నీ చేతిలోనే ఉండి ఇంకా పడుతుంటాయి. ధరకు హామీ కావాలంటే అమ్మకానికి హామీ వదులుకోవాలి. ఏ ఆర్డరూ రెండూ ఇవ్వదు.

తాడిపత్రి, ప్రస్తుతం చికాగో:

అన్నలిద్దరూ చెప్పింది పదేళ్లు దాచుకోదలచిన తమ్ముడికి అంతగా అవసరం లేదు. ప్రతి నెలా కొంత పెట్టడానికి మ్యూచువల్ ఫండే చాలు, అక్కడ లిమిట్ లేకపోవడం నష్టం కాదు. ఈటీఎఫ్ కొనేటట్లయితే మార్కెట్ ఆర్డర్ పెట్టవద్దు. అమ్మేవారు అడుగుతున్న ధరకే లిమిట్ పెట్టి, తెరిచిన మొదటి అరగంట గడిచాక కొను. భారత షేర్లుండే ఈటీఎఫ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే న్యూయార్క్ తెరిచేసరికి ముంబై మూసి కొన్ని గంటలవుతుంది, చూపించే ధర ఒక అంచనా మాత్రమే. యూనిట్‌లో భాగం కొనాలంటే కొందరు బ్రోకర్లు లిమిట్‌ను ఒప్పుకోరు, అందుకే పూర్తి యూనిట్లే తీసుకో.

ఇంకొక మాట. మ్యూచువల్ ఫండ్ అమ్మి అదే రోజు ఆ డబ్బుతో ఈటీఎఫ్ కొనవచ్చునని అనుకోవద్దు. ఫండ్ ధర సాయంత్రమే తేలుతుంది, డబ్బు సాధారణంగా మరుసటి పనిదినానికి గానీ చేతికి రాదు. ఈ మధ్యలో మార్కెట్ పెరిగితే ఆ తేడా నీ మీదే పడుతుంది. వెళ్లవలసిన ఫండ్ అదే కంపెనీదైతే, అమ్మకం కాకుండా ఎక్స్‌ఛేంజ్ అనే ఆర్డర్ ఉందేమో ముందు చూడు. అందులో రెండూ ఒకే రోజు ధరకు జరుగుతాయి.