ఐ మార్క్ సెన్సార్ వైరు పీఎల్‌సీకా, డ్రైవ్‌కా?

ప్యాకింగ్_శీను: మా బిస్కెట్ ప్యాకింగ్ మెషీన్‌లో ఫిల్మ్ నిమిషానికి 60 మీటర్లు నడుస్తుంది. ఐ మార్క్ (ఎక్కడ కోయాలో చూపడానికి ఫిల్మ్ మీద అచ్చు వేసే గుర్తు) చూసే సెన్సార్ మా పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపించే కంట్రోలర్) ఎస్7-1200 మామూలు ఇన్‌పుట్‌కి ఉంది. మెల్లగా నడిపితే కట్ మార్క్ మీదే పడుతుంది. స్పీడ్ పెంచితే ఒక ప్యాకెట్‌కి పేరులో మొదటి అక్షరం తెగుతుంది, ఇంకోదానికి తెగదు. ఎలక్ట్రీషియనేమో సెన్సార్ మార్చమంటాడు, ప్రోగ్రామరేమో ఫిల్మ్‌ని లాగే సర్వో మోటారుని నడిపే డ్రైవ్‌కి వైరు వేయమంటాడు. ఎవరి మాట వినాలి?

సర్వో_పిచ్చోడు: ప్రోగ్రామర్ మాటే. ఆ స్పీడ్‌లో ఫిల్మ్ మిల్లీసెకనుకి ఒక మిల్లీమీటరు కదులుతుంది. స్కాన్ (పీఎల్‌సీ ఇన్‌పుట్లు చదివి ప్రోగ్రామ్ ఒకసారి నడిపే చుట్టు) 10 మిల్లీసెకన్లనుకో, మార్క్ స్కాన్ మొదట్లో పడిందా చివర్లో పడిందా అన్నదానికే 10 మిల్లీమీటర్ల దాకా తేడా. డ్రైవ్ ఫాస్ట్ ఇన్‌పుట్‌కి ఇస్తే సిగ్నల్ తగిలిన క్షణాన ఫిల్మ్ పొజిషన్ హార్డ్‌వేర్‌లోనే లాచ్ అవుతుంది, అంటే అక్కడికక్కడే నమోదైపోతుంది. పీఎల్‌సీ తీరిగ్గా చదువుకున్నా నష్టం లేదు.

పాత_మెయింటెనెన్స్: లెక్క కాదనను తమ్ముడూ. రాత్రి రెండింటికి డ్రైవ్ కాలిపోతే నువ్వొస్తావా? కొత్త డ్రైవ్ బిగించాక ఆ పారామీటర్లు ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయో ఎవడికీ తెలీదు. ఎస్7-1200లో ఇన్‌పుట్ ఫిల్టర్ (తప్పుడు సిగ్నళ్లని వడకట్టడానికి పెట్టే ఆలస్యం) డిఫాల్ట్‌గా 6.4 మిల్లీసెకన్లు ఉంటుంది. ముందు అది తగ్గించు శీనూ, పైసా ఖర్చు లేదు.

లైన్3_లక్ష్మి: మీరిద్దరూ వైరు దగ్గరే ఆగిపోయారు. మా లైన్‌లో లాచ్ పెట్టాక కూడా కట్ తప్పింది. మా సెన్సార్ బార్‌కోడ్ గీతల్ని కూడా మార్క్ అనుకునేది! విండో పెట్టాం: మార్క్ రావలసిన చోటికి అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల లోపు వస్తేనే లెక్కలోకి తీసుకుంటుంది. రాకపోతే పాత పొడవుకే కోస్తుంది, వరసగా మూడు తప్పితే మెషీన్ ఆగుతుంది. అన్నట్టు, తెల్ల ఫిల్మ్ మీద ఎర్ర మార్క్ అయితే ఎర్ర లైటు సెన్సార్‌కి కనపడదు, ఆకుపచ్చ లైటుది పెట్టండి.

ప్యాకింగ్_శీను: మాది నల్ల మార్కేనండీ. ఫిల్టర్ 0.2 మిల్లీసెకన్లకి తగ్గించి వంద ప్యాకెట్లు స్కేలుతో కొలిచా. కట్ మొత్తంగా 6 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ తేడా మాత్రం ఎక్కడున్నది అక్కడే.

సర్వో_పిచ్చోడు: మరి! ఫిల్టర్ ఆలస్యం ఎప్పుడూ ఒక్కటే, దానికి ఆఫ్‌సెట్ (ప్రతిసారీ ఒకే కొలత సవరణ) వేస్తే సరిపోయేది. స్కాన్‌తో వచ్చేది ప్రతిసారీ మారుతుంది, దానికి ఏ ఆఫ్‌సెట్ వేస్తావ్?

పాత_మెయింటెనెన్స్: సరే, డ్రైవ్‌కే వేయి. పారామీటర్ల బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలే టేపు వేసి అతికించు.