పర్మిట్ రూమ్ ఉంటే తాగుడు తగ్గుతుందా, పెరుగుతుందా?

రేవుగట్టు:
ముందు సంగతులు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 1న మద్యం దుకాణాలను ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. 4,380 దుకాణాలు 3,500కి తగ్గాయి, దుకాణం పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు ఎత్తేశారు. 2024 అక్టోబరు 14న లాటరీ తీసి 3,396 దుకాణాలు మళ్లీ ప్రైవేటుకిచ్చారు. 2025లో పర్మిట్ రూములకూ అనుమతి వచ్చింది. తెలంగాణలో ఏ4 దుకాణాల (సీసాలు అమ్మే లైసెన్సున్న మద్యం దుకాణాల) పక్కన అవి ముందునుంచీ ఉన్నవే.

రెండు రాష్ట్రాల్లోనూ రాజకీయ చర్చంతా దుకాణం ఎవరిది, ఎన్ని దుకాణాలు అన్న చోటే ఆగిపోతోంది. ఒక్క సిట్టింగ్‌లో మనిషి ఎంత తాగుతున్నాడు, లైసెన్సు నిబంధనల్లో దాన్ని పెంచేదేది, తగ్గించేదేది? ఇది మాట్లాడుకుందాం.

పర్మిట్ రూమ్ ఉండాలనే నేనంటాను. అది లేకపోతే మనిషి తాగడం మానడు, చోటు మారుస్తాడు. కల్వర్టు కింద, సాయంత్రం పూట బడి ఆవరణలో, పొలం గట్టు మీద కూర్చుంటాడు. పోలీసులు వస్తారేమోనన్న భయంతో క్వార్టర్ మొత్తాన్ని నీళ్ల సీసాలో కలిపి పది నిమిషాల్లో ఖాళీ చేస్తాడు. సీసా అక్కడే పగులుతుంది. ఆ గాజుపెంకులు మర్నాడు నాట్లు వేసే ఆడవాళ్ల కాళ్లలో దిగుతాయి.

మంజీర:
రేవుగట్టు గారూ, గాజుపెంకుల మాట నిజమే. కానీ పర్మిట్ రూమ్ అంటే అక్కడ నిజంగా ఉండేదేమిటి? వంద చదరపు మీటర్ల రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, చాలాచోట్ల మరుగుదొడ్డి కూడా ఉండదు. తినడానికి పల్లీలు, మిక్చర్, ఉడకబెట్టిన గుడ్డు. ఉప్పూకారం తిన్నకొద్దీ దాహం, దాహం వేసినకొద్దీ మందు. అడుగు దూరంలో కౌంటర్. పొలం గట్టు మీద క్వార్టర్ అయిపోతే రెండోది కొనడానికి మళ్లీ ఊళ్లోకి నడవాలి, ఆ నడకలో కొందరైనా ఇంటిదారి పడతారు. పర్మిట్ రూములో లేచి చెయ్యి చాపితే చాలు.

ఇంకోటి, ఆ గది ముందు నిలబెట్టిన బైకులు లెక్కపెట్టండి. అక్కడికి నడిచి వచ్చేవాళ్లు తక్కువ. తాగి తిరిగి వెళ్లేదీ ఆ బైకుల మీదే.

లెక్కలమాస్టారు:
బైకుల మాట వచ్చింది కాబట్టి అంకెలు పెడతాను. ఈ చర్చలో ఎవరూ చెయ్యని లెక్క ఇదే.

క్వార్టర్ 180 మిల్లీలీటర్లు. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 77 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. మిల్లీలీటరు బరువు 0.789 గ్రాములు కాబట్టి, దాదాపు 61 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకేసారి 60 గ్రాములు, ఆపైన తాగడాన్ని అతిగా తాగడం కింద లెక్కిస్తుంది. మన దగ్గర ‘ఏముంది, ఒక్క క్వార్టరేగా’ అనేది సరిగ్గా ఆ గీత దాటుతోంది.

అరవై అయిదు కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో అరగంటలో క్వార్టర్ తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ సుమారు 130 మిల్లీగ్రాములకు చేరుతుంది. చట్టం ఒప్పుకునేది 30. గంటకు 15 చొప్పున దిగుతుందనుకుంటే 30కి రావడానికి ఆరేడు గంటలు. రాత్రి తొమ్మిదింటికి గ్లాసు దించినవాడు తెల్లవారుజామున మూడున్నర, నాలుగు దాకా బండి ఎక్కకూడదు. తిండి, ఒంటి తీరును బట్టి కొంత అటూఇటూ అవుతుంది. అయినా పది గంటలకు ఇంటికి బయల్దేరేవాడికి ఏ లెక్కలోనూ సరిపోదు.

ఇప్పుడు లైసెన్సు దగ్గరికి వద్దాం. బారులో 30, 60 మిల్లీలీటర్ల పెగ్గు పోయించుకోవచ్చు. దుకాణంలో లూజ్ సేల్ నేరం, సీలు సీసాయే అమ్మాలి. పర్మిట్ రూమ్ దుకాణానికి అనుబంధం కాబట్టి అక్కడా అంతే. 90 మిల్లీలీటర్ల సీసా అన్ని బ్రాండ్లలో ఉండదు, ఉన్నా కౌంటర్ దగ్గర ‘స్టాకు లేదు’ అంటారు. అంటే అరవై మిల్లీలీటర్లు చాలనుకునేవాడి చేతికి కూడా 180 పెట్టి, మూత తీశాక ఇంటికి పట్టుకెళ్లలేని పరిస్థితి కల్పిస్తున్నాం. గది ఉండాలా వద్దా అన్నదానికన్నా ముందు తేలాల్సింది ఈ కొలత సంగతి.

మంజీర:
ఈ లెక్క నాకు కళ్లు తెరిపించింది. కానీ లూజ్ సేల్‌కి తలుపు తెరవమంటే మాత్రం ఒప్పుకోను. ఆ నిబంధన ఊరికే పెట్టలేదు. మూత తీసిన సీసాలో నీళ్లు కలుస్తాయి, ఖరీదైన బ్రాండు సీసాలోకి చీప్ లిక్కర్ చేరుతుంది. పక్క రాష్ట్రం నుంచి సుంకం కట్టకుండా వచ్చిన సరుకు, అదే ఎన్‌డీపీఎల్, ఖాళీ సీసాల్లోకి ఎక్కుతుంది. చివరికి స్పిరిట్, రంగు, ఎసెన్సు. సీలు మూత పోయాక తనిఖీకి వచ్చిన ఎస్సై దేన్ని చూసి పట్టుకుంటాడు?

లెక్కలమాస్టారు:
లూజ్ వద్దు, నేనూ అదే అంటున్నాను. 60, 90 మిల్లీలీటర్ల సీలు సీసాలు ప్రతి చౌక బ్రాండులోనూ తప్పనిసరి చేయాలి. దుకాణదారు సరుకు కోసం డిపోకి ఇండెంట్ (ఆర్డరు) పెట్టేటప్పుడే వాటికి కనీస వాటా ఉండాలి. మిల్లీలీటరు ధర క్వార్టర్‌ను మించకూడదు. మించిందా, జనం లెక్క వేసుకుని క్వార్టరే కొంటారు.

సీలేరు:
చిన్న సీసా చవగ్గా దొరికితే కూలి డబ్బుల్లో రోజూ కొనేవాళ్లు పెరుగుతారు, ఇరవై ఒకటి నిండని పిల్లల జేబుకీ అందుతుంది. ఇద్దరు కలిసి క్వార్టర్ కొనుక్కుని సగం సగం కటింగ్ చేసుకునే అలవాటు ఇప్పటికే ఉంది కదా. చిన్న సీసా వస్తే ఆ ఇద్దరూ చెరో 90 కొంటారా, చెరో రెండు కొంటారా? ముందు ఒక జిల్లాలో ఏడాది పాటు పెట్టి, డిపో అమ్మకాల లెక్క చూశాకే మిగతా చోట్లకు తేవాలి.

నల్లరేగడి:
మీరంతా సీసా దగ్గర ఆగారు. అమ్మేవాడి మీద ఒత్తిడి ఎంతుందో కూడా చూడండి.

తెలంగాణలో ఇప్పుడు నడుస్తున్న విధానంలో దరఖాస్తుకే 3 లక్షలు, దుకాణం రాకపోయినా వెనక్కి ఇవ్వరు. అయిదు వేల జనాభా లోపు ఊరికి లైసెన్సు ఫీజు ఏడాదికి 50 లక్షలు, పర్మిట్ రూముకి మరో 5 లక్షలు. మార్జిన్ 20 శాతం అనుకుంటే ఆ 55 లక్షలు రాబట్టడానికే రెండు కోట్ల 75 లక్షల అమ్మకం కావాలి. అంటే రోజుకు 75 వేలు. క్వార్టర్ 180 రూపాయలనుకుంటే దాదాపు 420 క్వార్టర్లు. ఇంకా అద్దె లేదు, జీతాలు లేవు, వడ్డీ లేదు.

అయిదు వేల మంది ఊళ్లో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లు 1,900 ఉంటారనుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణ మగవాళ్లలో తాగేవాళ్లు 43.3 శాతం, కల్లుతో కలిపి. ఆ ఊళ్లో 820 మంది. వాళ్లలో సగం మంది రోజూ, పండగా పబ్బం లేకుండా, ఒక్కో క్వార్టర్ కొంటేనే ఫీజు గిట్టుబాటవుతుంది. ఆ లెక్క ఊళ్లో తేలదు కాబట్టి సరుకు చుట్టుపక్కల తండాలకూ గూడేలకూ వెళ్తుంది. లైసెన్సు లేని బెల్టు షాపు పుట్టేది ఇక్కడే. యజమాని దుర్మార్గుడు కానక్కర్లేదు, ఫీజు తీరే అతన్ని అటు నెడుతుంది. పర్మిట్ రూములో మత్తెక్కినవాడికి ‘ఇక చాలు, వెళ్లు’ అని చెప్పే యజమాని కూడా అందుకే కనిపించడు.

పైగా లైసెన్సు రెండేళ్లే, తర్వాత మళ్లీ లాటరీ. ఈ రెండేళ్లు పద్ధతిగా నడిపినా వచ్చేసారి అతనికే వస్తుందన్న హామీ లేదు. దొరికిన రెండేళ్లలో పిండుకోవడమే. నేను కోరేది ఇది: ఫీజులో సగం మొదట కట్టించుకోండి, మిగతా సగాన్ని నడవడికకు ముడిపెట్టండి. కేసు లేకుండా రెండేళ్లు నడిపినవాడికి లాటరీ లేకుండా రెన్యువల్ ఇవ్వండి. పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్నవాడే నిబంధన పాటిస్తాడు.

రేవుగట్టు:
రెన్యువల్ ఇస్తే సిండికేట్లు పాతుకుపోతాయన్న భయం ఉంది. అవి విరగ్గొట్టడానికేగా లాటరీ తెచ్చింది.

నల్లరేగడి:
లాటరీలో తగిలినవాడి దగ్గర మర్నాడే గుడ్‌విల్ ఇచ్చి దుకాణం లాక్కునే పద్ధతి ఉండగా సిండికేటు ఎక్కడ విరిగిందండీ? పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది.

సీలేరు:
బెల్టు షాపు గురించి కాస్త వివరంగా. సాయంత్రం బైకు మీద గోనెసంచిలో నలభై యాభై క్వార్టర్లు వస్తాయి. కిరాణా కొట్లో బియ్యం బస్తాల వెనకో, ఇంట్లో ఫ్రిజ్ కిందో పెడతారు. ఒక్కోదానిమీద ఇరవై, ముప్ఫై రూపాయలు ఎక్కువ. డబ్బు లేకపోతే ఖాతా, కూలి పడిన రోజు కోత. అక్కడ లూజ్ కూడా పోస్తారు. అంటే లెక్కలమాస్టారు గారు అడిగిన 60 మిల్లీలీటర్లు చట్టబద్ధంగా దొరికే చోటు లేక చట్టం లేని చోట దొరుకుతోంది.

ఇక వేళలు. దుకాణం తెరిచేది పొద్దున పదింటికి. బెల్టు షాపులో అయిదున్నరకే దొరుకుతుంది. ఆ వేళకు వచ్చేవాళ్లు సరదాకి తాగేవాళ్లు కారు, చేతులు వణుకుతుంటే ఆపుకోలేక వచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడికి ఒక్కసారిగా మందు ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి భ్రమించి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే బెల్టు షాపుల మీద దాడి చేసే వారంలోనే దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఫిట్స్‌ను ఆపే డయాజెపామ్, బి1 విటమిన్ అయిన థయమిన్ నిల్వ ఉండాలి, ఆశా కార్యకర్తకు ముందే చెప్పి ఉంచాలి. దాడి ఎక్సైజ్ శాఖది, మందులు ఆరోగ్య శాఖవి. ఈ రెండూ కలిపి ఏ మద్యం విధానంలోనైనా ఒక్క పేరా కూడా కనిపించకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

పట్టుకోవడం కష్టమన్న మాట కూడా ఒప్పుకోను. మూత మీది హోలోగ్రామ్ లేబుల్ స్కాన్ చేస్తే ఆ సీసా ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిందో తెలియాలి, ఆ ఏర్పాటు పెట్టిందే అందుకు. కానీ కేసు కిరాణా కొట్టు ముసలమ్మ మీద రాస్తారు, తహసీల్దారు దగ్గర బైండోవర్ చేస్తారు (మళ్లీ అమ్మనని పూచీకత్తు రాయించుకుంటారు), సరఫరా చేసిన దుకాణం పేరు పంచనామాలోకి ఎక్కదు. పట్టుబడ్డ ప్రతి సీసా లేబుల్ నంబరు పంచనామాలో రాయాలన్న ఒక్క ఉత్తర్వు చాలు, ఎవరి వాటా ఎంతో బయటపడుతుంది.

మంజీర:
ధర గురించి ఎవరూ మాట్లాడలేదు. స్కాట్లాండ్‌లో 2018 మే 1 నుంచి ఆల్కహాల్ యూనిట్‌కు కనీస ధర పెట్టారు. మొదట 50 పెన్స్, 2024 సెప్టెంబరు 30 నుంచి 65. యూనిట్ అంటే అక్కడ 8 గ్రాములు. మద్యం వల్లే జరిగే మరణాలు ఆ ధర లేకపోతే ఉండాల్సిన దానికన్నా 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ తేల్చింది. ఆంధ్రలో 99 రూపాయల క్వార్టర్‌ను ఘనతగా చెప్పుకుంటున్నారు. అందులో గ్రాము ఆల్కహాల్ రూపాయి అరవై పైసలు. ఏడు శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 36 గ్రాములు, 180 రూపాయలనుకున్నా గ్రాము 5 రూపాయలు. మత్తు చవగ్గా కావాలంటే క్వార్టరే తాగమని ధరల పట్టికే చెబుతోంది.

రేవుగట్టు:
మంజీర గారూ, బీరుకీ క్వార్టర్‌కీ మధ్య తేడా సరిచేయమంటే ఒప్పుకుంటాను. మొత్తం ధర పెంచమంటే మాత్రం 2020 గుర్తుచేసుకోండి. ఆంధ్రలో లాక్‌డౌన్ సడలించి మే 4న దుకాణాలు తెరిచి ధర 25 శాతం, ఆ మర్నాడే మరో 50 శాతం పెంచారు. దాని వెంటే బెల్లం ఊట డ్రమ్ములు లేచాయి, తెలంగాణ సరిహద్దు నుంచి బైకుల మీద సరుకు వచ్చింది. జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. స్కాట్లాండ్‌లో ఊరి బయట వాగు పక్కన నాటుసారా బట్టీ ఉండదు.

నల్లరేగడి:
1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన నాటి నుంచి మనకు ‘మొత్తం ఉండాలి, మొత్తం పోవాలి’ అన్న రెండే దారులు కనిపిస్తున్నాయి. 1995 జనవరిలో నిషేధం, 1997 ఏప్రిల్లో సడలింపు. మధ్యదారి మహారాష్ట్రలో ఉంది. ఊళ్లో పాతిక శాతం మహిళా ఓటర్లు సంతకాలు చేసి కలెక్టరుకు ఇస్తే రహస్య ఓటింగ్ పెడతారు. బ్యాలెట్ మీద రెండు గుర్తులు, నిలువు సీసా, అడ్డం పడిన సీసా. సగానికి మించి అడ్డ సీసాకు పడితే దుకాణం మూత. దుకాణం మీద కాకపోయినా పర్మిట్ రూమ్ వరకైనా ఈ ఓటు మన ఊళ్లకు ఇవ్వాలి. ఆంధ్రలో ఇప్పటి దుకాణాల గడువు 2026 సెప్టెంబరు 30తో ముగుస్తుంది. నోటిఫికేషన్ వచ్చాక తీర్మానాలు చేసి లాభం లేదు, గ్రామసభ తీర్మానం అంతకు ముందే ఎక్సైజ్ సూపరింటెండెంట్ కార్యాలయానికి చేరి, అందినట్టు ముద్ర వేయించుకుని ఉండాలి.

సీలేరు:
ఏజెన్సీ గ్రామాలకైతే ఆ హక్కు కొత్తగా అడగక్కర్లేదు. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు ఇవ్వాలని అంటోంది. తీర్మానంలో దుకాణం ఒక్కటే రాస్తే చాలదు, బెల్టు షాపు ఏ వీధిలో ఎవరి కొట్లో నడుస్తోందో కూడా రాయండి. లేకపోతే దుకాణం మూతపడిన మర్నాడు ఆ గోనెసంచి బరువు రెట్టింపవుతుంది.